నైలోమీటరు మీద 16 మూరలు అంటే ఎక్కడి నుంచి 16?

#1 బారెడు_మూరెడు
నైలు నది వరద ఎత్తు కొలవడానికి పాత ఈజిప్టులో కట్టిన నైలోమీటర్ల మీద తెలుగులో ఏ వ్యాసం తెరిచినా, ఏ వీడియో చూసినా ఒకటే పాట. బావిలో మెట్లు, గోడ మీద గీతలు, నీళ్ళు పదహారో గీత తాకితే పండగ, తాకకపోతే కరువు. పూజారి ఆ గీత చూసొచ్చి చెప్తే ఫారో పన్ను వేసేవాడు. అంతే, అయిపోయింది.

నాకు మింగుడుపడనివి మూడున్నాయి. రోమన్ రచయిత ప్లినీ 16 మూరలు మంచి వరద అంటాడు. గ్రీకు రచయిత ప్లూటార్కు దక్షిణాన అస్వాన్ దగ్గరి ఎలిఫెంటైన్ దీవిలో 28, ఇప్పటి కైరో దగ్గరి మెంఫిస్‌లో 14, డెల్టాలో 6 అంటాడు. తొలి ఫారోల ఏటేటి పట్టీ చెక్కిన పలెర్మో రాయి మీద అంకెలు చూస్తే చాలా ఏళ్ళకి రెండు, మూడు, నాలుగు మూరలే. నది ఒకటే కదా, మరి సున్నా ఎక్కడ పెట్టుకున్నారు? రెండోది, రోజూ రీడింగు ఎలా తీసేవాళ్ళు, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? మూడోది, గీత చూసి పన్ను వెయ్యడం అన్నదానికి ఫారోల కాలం నాటి ఆధారం ఉందా, లేక ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసేస్తున్నారా?

విజ్ఞానసర్వస్వం పేజీ తెచ్చి అతికించేవాళ్ళకి ముందే దండం.

#2 గట్టుమీద_గోదారి
మొదటిదానికి ఈజిప్టు దాకా పోనక్కర్లేదు. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి. ధవళేశ్వరంలో 17.75 అడుగులకి. నది అదే, వరద అదే. భద్రాచలానికి మూడింతల వరదొచ్చిందని ఎవరైనా అంటారా? ఏ గేజీ సున్నా ఆ గేజీది. నది ఇరుకైన చోట నీళ్ళు నిలువునా లేస్తాయి, విశాలమైన చోట పరుచుకుంటాయి.

#3 శిలాలిపి
అస్వాన్ దగ్గర సరిగ్గా అదే జరుగుతుంది. అక్కడ నది నల్లరాతి గుట్టల మధ్య నుంచి దూరి వస్తుంది. డెల్టాలో పాయలుగా చీలిపోతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఎత్తు తగ్గాల్సిందే.

కాకపోతే ప్లూటార్కు అంకెల్ని కొలతలని నమ్మకండి. 28 చంద్రుడి రోజులు, 14 పున్నమి అని ఆయనే లెక్క కలిపాడు. అస్వాన్ దగ్గర వరద పొంగు మామూలుగా 8 మీటర్ల చుట్టుపక్కల. 28 మూరలంటే 14 మీటర్లు దాటుతుంది, అది పొంగు కాదు. దానికంటే పాత ఆధారం కర్ణాక్ గుడిలో ఫారో ఒకటో సెన్‌వొస్రెత్ కట్టించిన తెల్ల మండపం, క్రీ.పూ. 1950 ప్రాంతం. దాని మీద ఎలిఫెంటైన్‌కి 21 మూరల పైన, మెంఫిస్ ప్రాంతానికి 12 మూరల పైన, డెల్టా ఉత్తరపు కొసకి 6 మూరల పైన అని బెత్తెలు, వేళ్ళతో సహా చెక్కారు. చంద్రుడితో పనిలేకుండా అవి కూడా అలాగే దిగుతూ వస్తాయి.

#4 లెక్కల_పలక
కొలతలు ఒకసారి తేల్చేసుకుందాం, లేకపోతే చివరిదాకా ఇదే గొడవ.

మన మూర 24 అంగుళాలు (ఇంచీలు కాదు, వేళ్ళ వెడల్పులు), అంటే ఆరు బెత్తెలు. ఈజిప్టు రాజమూర ఏడు బెత్తెలు, 28 వేళ్ళు. దొరికిన కొలకర్రల్ని బట్టి రమారమి 52.3 నుంచి 52.5 సెంటీమీటర్లు. బెత్తె ఏడున్నర సెంటీమీటర్లు, వేలు 1.87. వరద రాసేటప్పుడు మూర, బెత్తె, వేలు మూడూ రాసేవాళ్ళు. "3 మూరల 4 బెత్తెల 3 వేళ్ళు" అని ఉంటే 84+16+3 = 103 వేళ్ళు, అంటే 1.93 మీటర్లు.

పలెర్మో రాయి అయిదో వంశం కాలంలో చెక్కింది. మొదటి వంశం నుంచి ఒక్కో ఏడు ఒక్కో గడి, గడి అడుగున వరద ఎత్తు. అందులో పెద్దది 8 మూరల 3 వేళ్ళు, దాదాపు 4.25 మీటర్లు. ఆ వరుస సున్నా ఏమిటో రాయి చెప్పదు. కాబట్టి దాంట్లో ఒక ఏటిని ఇంకో ఏటితో పోల్చుకోవచ్చు గానీ, ప్లినీ 16తో పోల్చడానికి లేదు.

#5 చిల్లరమల్లర
వేలెడు తేడా కూడా రాసేవాళ్ళన్నమాట. మా అపార్టుమెంటు ట్యాంకులో నీళ్ళున్నాయా లేవా అన్నది వాచ్‌మన్ ట్యాంకు మీద తట్టి చెప్తాడు.

#6 తూముకాపలా
రెండో ప్రశ్న నాకొదిలేయండి.

నది ఒడ్డున కర్ర పాతి గీతలు పెడితే సరిపోదా అంటే, సరిపోదు. వరదలో నైలు మీద గాలికి లేచే అలలే జానెడు పైన ఉంటాయి, పడవ పోతే ఇంకో కుదుపు. వేలు లెక్కన చదవాలంటే నీళ్ళు కదలకుండా ఉండాలి. అందుకే నది పక్కన బావి తవ్వి, అడుగున సొరంగంతో నదికి కలుపుతారు. సన్నని దారిలోంచి రావాలి కాబట్టి అల లోపలికి రాదు, మట్టం మాత్రం వస్తుంది. ఇప్పటి జలవనరుల శాఖ గేజీ బావులకీ ఇదే సూత్రం.

కట్టడాలు మూడు రకాలు. ఒకటి, ఒడ్డు నుంచి నదిలోకి దిగే రాతి మెట్ల దారి. ఎలిఫెంటైన్‌లో సతెత్ గుడి దగ్గరున్నది అదే, 90 మెట్లు. రెండు, గుండ్రటి బావి, చుట్టూ తిరిగి దిగే మెట్లు. కోమ్ ఓంబో గుడిలోది ఈ రకం. మూడు, బావి మధ్యలో గీతల స్తంభం. కైరోలో రోదా దీవి మీదున్నది.

మెట్ల రకంలో అందరూ పొరబడేది ఒకటుంది. మెట్టు కొలత కాదు, గీత గోడ మీద ఉంటుంది. నీళ్ళు మెట్లెక్కుతూ వస్తుంటే చూసేవాడు నీటి అంచున నిలబడి, పక్క గోడ మీద గీతకి కళ్ళు సమానంగా పెట్టి చదవాలి. మెట్లు కాళ్ళ కోసమే.

ఇక ఏం చెడుతుందంటే, పూడిక. వరద నీరంటేనే బురద. బావిలో నీరు కదలదు కాబట్టి ఒండ్రు అక్కడే దిగుతుంది. సొరంగం సగం పూడితే బావి నది వెనకాల పడుతుంది. వరద ఎక్కుతున్నప్పుడు అసలు కంటే తక్కువ చూపిస్తుంది, తీస్తున్నప్పుడు ఎక్కువ చూపిస్తుంది. శిఖరం ఒక్క రోజే నిలబడితే ఆ శిఖరం బావికి అందనే అందదు. ఎండాకాలం నీళ్ళు అడుగంటినప్పుడు పూడిక తియ్యకపోతే ఆ ఏటి రీడింగుని నమ్మడానికి లేదు.

#7 బారెడు_మూరెడు
రోదా బావికి మూడు సొరంగాలు అంటారు. ఒకటి చాలదా?

#8 కుఫిక్_పిచ్చి
మూడూ తూర్పు గోడలో ఒకదాని మీద ఒకటి, వేరు వేరు ఎత్తుల్లో ఉన్నాయి. కింది సొరంగం ఎండాకాలపు నీటికి. అది పూడినా, వరద లేచాక మధ్యది, పైది నీళ్ళు తెస్తాయి. తూముకాపలా గారు చెప్పిన రోగానికి మందు అది.

ఇప్పుడున్న కట్టడం క్రీ.శ. 861లో అబ్బాసీ ఖలీఫా అల్ ముతవక్కిల్ కట్టించింది. అంతకుముందు అదే దీవి మీద 715లో ఉమయ్యాద్ ఖలీఫాల కాలంలో ఒకటి కట్టారు. బావి అడుగున గుండ్రం, పైకొచ్చేసరికి చతురస్రం. గోడ వెంబడి మెట్లు అడుగుదాకా పోతాయి. నడిమధ్య ఎనిమిది పలకల పాలరాతి స్తంభం, మీద మూరల గీతలు. పైన అడ్డంగా దూలం పెట్టి స్తంభం ఒరగకుండా పట్టారు. గోడల్లోని వంపులు కొనతేలి ఉంటాయి, ఐరోపాలో గోథిక్ చర్చీలు మొదలవ్వడానికి మూడు వందల ఏళ్ళ ముందు. గోడల మీద కుఫిక్ అనే పాత అరబ్బీ లిపిలో వానా పంటా గురించిన ఖురాన్ వాక్యాలు.

ఇక మొదటి ప్రశ్నకి ఇక్కడ సూటిగా జవాబుంది. రోదాలో సున్నా స్తంభం అడుగున, ఎండాకాలపు మట్టానికి కింద. కాబట్టి 16 మూరలంటే 16 మూరల పొంగు కాదు. నదిలో మిగిలిన "పాత నీరు" నాలుగైదు మూరలుంటే అదీ అందులోనే. కొత్తగా వచ్చింది పదకొండో పన్నెండో మూరలు, అంటే ఆరు మీటర్ల పైచిలుకు.

#9 గట్టుమీద_గోదారి
ఆ లెక్కన ఎలిఫెంటైన్‌లో చూసి కింది ఊళ్ళకి ముందే కబురు పంపేవారన్నది సబబే కదా? అస్వాన్ నుంచి కైరోకి 950 కిలోమీటర్ల పైన.

#10 తూముకాపలా
వినడానికి బావుంటుంది. కానీ వరద అల, కబురు మోసే పడవ రెండూ ఒకే నీటి మీద పోతాయి. అల వారం పది రోజుల్లో మెంఫిస్ చేరుతుంది. పడవ దాన్ని ఎంత దాటుతుంది? రేపు గట్టు తెగుతుందోచ్ అని చెప్పే గంట కాదది.

#11 శిలాలిపి
కొట్టిపారేయకండి. శిఖరం గురించి కబురు ఆలస్యమే, ఒప్పుకుంటా. ఎక్కే తీరు గురించి కాదు. అస్వాన్ దగ్గర జూన్‌లో మొదలై సెప్టెంబరు మొదట్లో శిఖరం. జులై మూడో వారానికి ఎన్ని మూరలెక్కింది, రోజుకి ఎన్ని వేళ్ళ చొప్పున ఎక్కుతోంది అని తెలిస్తే, పాత ఏళ్ళ పట్టీ పక్కన పెట్టుకుని ఈ ఏడు మంచిదా చెడ్డదా అన్నది నెల ముందే ఒక అంచనా కొస్తారు. కాలువ నోళ్ళు ఎప్పుడు తెరవాలి, ఏ గట్టుకి మట్టి మోయించాలి అన్నవాటికి అది చాలు.

గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో అదే అంటాడు. ఎలిఫెంటైన్ బావి గోడ మీద అతి పెద్ద, అతి చిన్న, నడిమి వరదల గుర్తులున్నాయనీ, వాటిని చూసి మిగతా వాళ్ళకి చెప్పేవాళ్ళనీ, రైతుకి నీటి పంపకానికీ అధికారులకి రాబడి అంచనాకీ పనికొచ్చేదనీ. గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ మెంఫిస్ నుంచి ఊళ్ళకి ఉత్తరాలు పోయేవని రాశాడు, ఇన్ని మూరలు ఇన్ని వేళ్ళు లేచింది, ఫలానప్పుడు తీయడం మొదలైంది అని. అవి అందాక జనం ఊపిరి పీల్చుకునేవాళ్ళట.

#12 చిల్లరమల్లర
అంటే వాతావరణ శాఖ బులెటిన్. నమ్మేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట అప్పట్లో.

#13 మడిచెక్క
అసలు ఎత్తు ఎందుకంత ముఖ్యమో ఎవరూ చెప్పలేదు. నీళ్ళు ఎక్కువొస్తే ఎక్కువ పంట అనుకుంటే పొరపాటు.

నైలు లోయ పళ్ళెంలా ఉండదు. ఒడ్డు పక్కన నేల ఎత్తు, ఎందుకంటే ముతక ఒండ్రు ముందు అక్కడే దిగుతుంది. దూరంగా ఎడారి అంచు వైపు పల్లం. ఆ లోయని నదికి అడ్డంగా మట్టి గట్లతో పెద్ద పెద్ద మడులుగా కోస్తారు. ఒక్కో మడి వేల ఎకరాలు. ఎగువన కాలువ నోరు తెరిస్తే నీళ్ళు పల్లం నుంచి నిండుతూ వస్తాయి. మీటరు నుంచి మీటరున్నర లోతున 40 నుంచి 60 రోజులు నిలగట్టాలి. ఆ నిలవలో మూడు పనులవుతాయి. నేల లోతుదాకా తడుస్తుంది, ఒండ్రు దిగుతుంది, పోయిన ఏటి ఉప్పు కరిగి కిందికి పోతుంది. అక్టోబరులో దిగువ గట్టు కోసి నీళ్ళు కింది మడికో నదికో వదిలి, బురద ఆరకముందే గింజ చల్లుతారు. గోధుమ, బార్లీ, అవిసె. ఇక కోతదాకా ఇంకో తడి లేదు. వానలు ఎలాగూ లేవు.

ఇప్పుడు ఒక మీటరు తగ్గిందనుకోండి. పల్లం మడులు నిండుతాయి, ఎత్తు మడుల్లోకి కాలువ నోటి నుంచి నీళ్ళే ఎక్కవు. నోరు ఏ ఎత్తున తవ్వారో అంతకి నది లేవకపోతే వరద ఉండీ లాభంలేదు. అందుకే మూర లెక్క ప్రాణం మీదికొస్తుంది, మూరకీ మూరకీ మధ్య ఎన్ని వేల ఎకరాలు తడుస్తాయన్నదే అసలు కథ.

ఎక్కువొస్తే గట్లు తెగుతాయి. మడి మీద మడి తెగుతూ పోతే నీటి మీద అజమాయిషీ పోతుంది, నవంబరు దాటినా నేల బయటపడదు. ఆలస్యంగా చల్లిన గోధుమ గింజ పట్టే వేళకి ఎండలు ముదురుతాయి. ఊళ్ళు మిట్టల మీద ఉంటాయి గానీ విత్తనం గాదెలూ మట్టి ఇటుకల ఇళ్ళూ తడిస్తే కూలతాయి.

#14 లెక్కల_పలక
ప్లినీ నిచ్చెన పూర్తిగా ఇది: 12 ఆకలి, 13 అయినా ఆకలే, 14 సంతోషం, 15 నిశ్చింత, 16 ఆనందం. అంటే 12కీ 16కీ మధ్య మొత్తం రెండు మీటర్ల పైచిలుకు. దేశం కడుపంతా ఆ రెండు మీటర్ల లోపల. రోమన్ చక్రవర్తి క్లాడియస్ కాలంలో 18 వచ్చిందనీ, ఫార్సలస్ యుద్ధం జరిగిన ఏడు (క్రీ.పూ. 48) 5 మాత్రమేననీ రాశాడు.

#15 పాతదస్తావేజు
పన్ను ప్రశ్న మిగిలిపోయింది. మూల ప్రశ్న వేసిన వారి అనుమానం సరైందే. ఫారోల కాలంలో "ఇన్ని మూరలకి ఇంత పన్ను" అన్న పట్టిక లేదు. ఉన్నది పొలం లెక్క.

విల్‌బర్ పపైరస్ అనే పాత భూమి పట్టీ చూడండి. అయిదో రామ్సెస్ కాలం, క్రీ.పూ. 1140లు, మధ్య ఈజిప్టు. ఊరూరా, చెక్క చెక్కా రాసుకుంటూ పోయారు. చెక్క ఎక్కడ, సాగు ఎవరిది, ఎన్ని ఆరూరాలు. ఆరూరా అంటే 100 మూరల చదరం, మన లెక్కలో 68 సెంట్లు. మదింపు ఆరూరాకి ఇన్ని ఖార్ల గింజలని, ఖారు సుమారు 76 లీటర్లు. నేల రకాన్ని బట్టి 5, ఏడున్నర, 10. ఇందులో ఎక్కడా నదిమట్టం రాదు. మనుషులు పొలానికెళ్ళి తాడుతో కొలిచి రాసిన అజమాయిషీ ఇది.

కరువొస్తే ఏం చేసేవారో ఫారోల తరవాత ఏలిన గ్రీకు రాజులు టాలెమీల కాలం నుంచి ఇంకా బాగా తెలుస్తుంది. క్రీ.పూ. 238 నాటి కనోపస్ శాసనంలో మూడో టాలెమీ, వరద తక్కువైన ఏడు రాబడిలో చాలా వదులుకుని, సిరియా, ఫినీషియా, సైప్రస్‌ల నుంచి ఎక్కువ ధర పెట్టి ధాన్యం తెప్పించాడని ఉంది. రోమన్ల కాలంలో, రెండు మూడు శతాబ్దాల్లో, నీళ్ళెక్కని నేలకి రైతే అర్జీ పెట్టుకోవాలి. నా పొలం ఫలానా ఊళ్ళో, ఇన్ని ఆరూరాలు, ఈ ఏడు తడవలేదు అని. గ్రామ లేఖరికీ పై అధికారులకీ ప్రతులు ఇస్తే తనిఖీ చేసి తగ్గించేవాళ్ళు. అలాంటి అర్జీలు పపైరస్ మీద బోలెడు దొరికాయి. మన రెవెన్యూ భాషలో సావి రెమిషన్. గీత చూసి పన్ను వేసే దేశంలో ఈ అర్జీలతో పనేముంది?

#16 శిలాలిపి
మరి మూడు వేల ఏళ్ళు ఎందుకు చెక్కినట్టు? పలెర్మో రాయి మీద రాజు చేసిన యుద్ధం పక్కన, కొలిచిన పశువుల లెక్క పక్కన వరద ఎత్తుంది. కర్ణాక్ రేవు గోడ మీద 22 నుంచి 26వ వంశం దాకా, రాజు పేరు, ఏడు, ఆ ఏటి వరద గీత, నలభై పైగా ఉన్నాయి. ఫారో తహర్కా తన ఆరో ఏటి పెద్ద వరదనైతే ఏకంగా శిలాశాసనాలు వేయించి చాటాడు. రాబడికి సంబంధం లేని అంకెని ఏ ప్రభుత్వమూ ఇంత శ్రద్ధగా దాచదు.

#17 పాతదస్తావేజు
సంబంధం లేదని నేననలేదు. అంచనా వేరు, మదింపు వేరు. ఖజానాకి ఈ ఏడు ఎంత రావచ్చో ఆగస్టులో గీత చెప్తుంది. ఏ రైతు ఎంత కట్టాలో పొలం దగ్గర తేలుతుంది. తహర్కా వరదంటారా, అది దేవుడు రాజుని మెచ్చాడని చాటుకోవడం, వసూలు కాగితం కాదు.

ఇంకోటి. గీతకీ పంటకీ లంకె స్థిరమైంది కాదు. పెట్రోనియస్ ఈజిప్టుకి రోమన్ గవర్నరు కాకముందు 14 మూరలొస్తేనే నిండు పంట, 8 అయితే కరువు అంటాడు స్ట్రాబో. ఆయన హయాంలో 12కే నిండు పంట, 8 వచ్చినా ఆకలి లేదు. నది మారలేదు, కాలువలు మారాయి. అగస్టస్ సైనికుల చేత పూడిక తీయించాడు, కాలువ అడుగు దిగింది, తక్కువ మట్టంలోనూ నీళ్ళెక్కాయి. ఒక్క పూడికతీతతో రెండు మూరల వరద మిగిలింది.

#18 మడిచెక్క
ఈ దారంలో అన్నింటికంటే విలువైన వాక్యం ఆఖరిది. 16 అని జపం చేసేవాళ్ళు కాలువ సంగతి ఎత్తరు.

#19 కుఫిక్_పిచ్చి
పన్ను కథ ఎక్కడి నుంచి పుట్టిందో నేను చెప్తా. అది కైరో కథ. అక్కడ నిజంగానే 16 మూరలు ఆచారం, చట్టం రెండూ. 16 నిండితే "నైలు నిండింది" అని చాటించి, నగరంలోకి పోయే ఖలీజ్ కాలువ అడ్డుకట్ట కోసేవారు. భూమి శిస్తు అడిగే హక్కు అప్పటి నుంచే సర్కారుకి. ఇస్లామీ కాలపు ఈ రివాజుని తీసుకెళ్ళి పెద్ద పిరమిడు కట్టించిన ఫారో ఖుఫు నెత్తిన పెట్టారు మనవాళ్ళు.

చదివేవాడికి జీతం కూడా ఉంది. 861 తరవాత ఆ పని బస్రా నుంచి వచ్చిన ఇబ్న్ అబీ అర్‌రద్దాద్‌కి అప్పజెప్పి నెలకి 7 దీనార్లు ఇచ్చారు. శతాబ్దాల పాటు ఆ ఉద్యోగం ఆ వంశంలోనే ఉండిపోయింది, మన పాత కరణీకంలాగే.

#20 బారెడు_మూరెడు
నెలకి జీతం, పైగా అంకె ఆయన చేతిలో. 15 మూరల 20 వేళ్ళ దగ్గర ఆగిపోతే సర్కారు "16 రాసెయ్" అనదా?

#21 కుఫిక్_పిచ్చి
అంటుంది. 1830ల్లో కైరోలో ఉన్న ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ లేన్, వీధుల్లో రోజూ పెరుగుదల చాటే దండోరావాళ్ళ గురించి రాస్తూ ఆ అంకెల్లో నిజం తక్కువన్నాడు. 16 నిండిందన్న ప్రకటన అయితే మరీ, శిస్తు దానికి ముడిపడి ఉంది కాబట్టి.

అసలు చాటడమే వద్దన్నవాడు ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్. 973 ప్రాంతంలో 16 నిండేదాకా మట్టం ఎవరికీ చెప్పొద్దని ఆజ్ఞ వేశాడు. ఎందుకంటే రెండు రోజులు నీరు ఎక్కడం ఆగిందని తెలిస్తే చాలు, వర్తకులు గింజలు దాచేసేవాళ్ళు, జనం ఎగబడి కొనేవాళ్ళు, వరద బాగానే వచ్చే ఏడు కూడా ధర మండేది.

#22 చిల్లరమల్లర
ఉల్లిపాయల స్టాకిస్టులకి వెయ్యేళ్ళ వంశవృక్షం ఉందన్నమాట.

#23 శిలాలిపి
నిజంగా తక్కువొచ్చిన ఏడు కూడా ఉంది. 1200లో రోదా గీత 12 మూరల 21 వేళ్ళ దగ్గర ఆగింది. అప్పుడు కైరోలో ఉన్న వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ, వరదకి ముందే నీరు పచ్చబడి వాసనేసిందని, ఆ తరవాతి కరువులో మనుషులు మనుషుల్ని తిన్నారని రాశాడు. మూడు మూరల లోటు అది.

#24 లెక్కల_పలక
16 శాశ్వతమేమీ కాదు. నైలు నేల శతాబ్దానికి దాదాపు 10 సెంటీమీటర్ల చొప్పున ఒండ్రుతో లేస్తుంది. నది అడుగూ లేస్తుంది, పొలమూ లేస్తుంది, స్తంభం మాత్రం కదలదు. అయిదు వందల ఏళ్ళలో అరమీటరు, అంటే దాదాపు ఒక మూర. అందుకే తరవాతి శతాబ్దాల్లో 16 నిండినా పొలాలన్నీ తడవలేదు, 17, 18 కావాల్సి వచ్చింది. దండోరా మాత్రం 16కే. ఏ రెండు కాలాల అంకెలైనా పక్కపక్కన పెట్టేముందు ఈ దిద్దుబాటు చెయ్యాలి.

#25 గట్టుమీద_గోదారి
మన వైపు లంకె ఒకటి. 1877లో నైలు బాగా తక్కువొచ్చింది, ఎగువ ఈజిప్టులో 9 లక్షల ఎకరాలకు పైగా తడవక బీడుపడ్డాయి. అలా ఎండిన నేలని అక్కడ శరాకి అంటారు. అదే సమయంలో మనకి ధాత కరువు, బళ్ళారి, కర్నూలు, కడప ఎండిపోయాయి. నైలు వరద ఇథియోపియా గుట్టల మీద పడే వర్షాకాలపు వానల నుంచే వస్తుంది, నీలి నైలు, అత్బరా అనే ఉపనదులు మోసుకొస్తాయి. పసిఫిక్‌లో పెద్ద ఎల్ నినో వచ్చిన ఏడు అక్కడి వానా మన నైరుతీ రెండూ దెబ్బతిన్నాయి. మరుసటేడు 1878లో నైలు గట్లు తెంచుకుని వచ్చింది.

#26 తూముకాపలా
ఆ వరస ఏళ్ళ సంగతే హర్స్ట్ పట్టుకున్నాడు. ఈజిప్టులో దశాబ్దాలు పనిచేసిన బ్రిటిష్ జలశాస్త్రవేత్త, 1951లో పత్రం వేశాడు. రోదా అంకెలు 622 నుంచి ఉన్నాయి కదా, వాటిని చూస్తే మంచి ఏళ్ళు గుంపుగా, చెడ్డ ఏళ్ళు గుంపుగా వస్తున్నాయి. పాచికలేసినట్టు విడివిడిగా వస్తే జలాశయానికి కావాల్సిన నిల్వ ఏళ్ళ సంఖ్య వర్గమూలం లెక్కన, అంటే 0.5 ఘాతంతో పెరగాలి. ఆయనకి 0.7 పైన వచ్చింది. అంటే వందేళ్ళకి సరిపడా ఆనకట్ట కడితే పాత సూత్రం చెప్పే దానికంటే చాలా పెద్దది కట్టాలి. అస్వాన్ పెద్ద డ్యాముకి ఏళ్ళ తరబడి నిల్వ అన్న ఆలోచన ఈ లెక్కల్లోంచి వచ్చిందే. అస్వాన్ దగ్గర 20వ శతాబ్దపు సగటు ఏటికి 84 వందల కోట్ల ఘనపు మీటర్లు. సగటు చూసి కడితే ఏడు చెడ్డ ఏళ్ళు వరసగా వచ్చినప్పుడు మునగడం కాదు, ఎండడం.

#27 లెక్కల_పలక
84 వందల కోట్లు = 8,400 కోట్లు, సరిపోయింది. కానీ 622 నుంచి అంటే జాగ్రత్త. దీవి మీద గేజీ 715లో వచ్చింది. అంతకుముందు తొంభై మూడేళ్ళ అంకెలు చాలా తరవాతి చరిత్రకారులు పోగేసి రాసినవి. మూర పొడవు కూడా అన్ని కాలాల్లో ఒకటి కాదు. మీటర్లలోకి మార్చిన పట్టికలో రెండు దశాంశాలు చూసి మోసపోవద్దు.

#28 తూముకాపలా
715 తరవాతవి మాత్రమే తీసుకున్నా గుంపులు పోవు. అదే చెప్పేది.

#29 బారెడు_మూరెడు
సెమ్నా గీతల గురించి ఎవరూ ఎత్తలేదు. అవి మరీ విడ్డూరంగా ఉంటాయి కదా.

#30 శిలాలిపి
నూబియాలో, రెండో జలపాతం దగ్గరి ఇరుకు. మూడో అమెనెమ్‌హాత్ కాలపు అధికారులు "ఫలానా ఏటి నైలు నోరు" అని కొండరాళ్ళ మీద చెక్కారు. 1844లో లెప్సియస్ చూసి అచ్చేశాడు. 19వ శతాబ్దపు వరద మట్టానికి ఏడెనిమిది మీటర్ల పైన ఉన్నాయి. వరదలే అంత పెద్దవంటారు కొందరు. నాకది రుచించదు. అంత వరద కిందికి వస్తే ఈజిప్టు లోయలో మడులన్నీ కొట్టుకుపోయి ఉండాలి. ఆ ఇరుకులో రాతి అడ్డు ఏదో తరవాత అరిగో తెగో నది అడుగు దిగిందన్నది నాకు నచ్చిన మాట.

#31 మడిచెక్క
లేదా కొన్ని అసాధారణపు ఏళ్ళే చెక్కి ఉండొచ్చు. మామూలు ఏడు గుర్తుపెట్టుకోవడానికి ఎవడు ఉలి పట్టుకుంటాడు?

#32 శిలాలిపి
ఒకే రాజు కింద అన్ని ఏళ్ళు అసాధారణం అయితే అది అసాధారణం కాదు కదా.

#33 పాతదస్తావేజు
గేజీ ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా కూడా ఉంది. అలెగ్జాండ్రియాలో నైలు మూరకర్రని సెరాపిస్ గుళ్ళో ఉంచేవారు. క్రైస్తవుడైన రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ దాన్ని చర్చికి మార్పించాడు. ఇక నైలు పొంగదని జనం బెదిరిపోయారు, పొంగింది. తరవాత పాత దేవుళ్ళని కొలిచిన చక్రవర్తి జూలియన్ మళ్ళీ గుడికే పంపాడు.

#34 చిల్లరమల్లర
నది పాపం ఏ పార్టీలో చేరకుండా వచ్చిపోయింది.

#35 కుఫిక్_పిచ్చి
16 మీద ఆఖరుగా ఒకటి. వాటికన్‌లో నైలు దేవుడి పాలరాతి విగ్రహముంది, ఒంటి నిండా ఎక్కి ఆడుతున్న చిన్న పిల్లలు 16 మంది, ఒక్కొక్కడు ఒక్కో మూర. ప్లినీ కూడా రోమ్‌లో ఇలాంటి విగ్రహం ఒకటుందని, చుట్టూ 16 మంది పిల్లలని రాశాడు. రోమ్‌కి గింజలు ఈజిప్టు నుంచే కాబట్టి ఆ లెక్క వాళ్ళకీ కావాలి.

#36 బారెడు_మూరెడు
ఇప్పుడు వెళ్తే గీతలు ఎక్కడ కనిపిస్తాయి?

#37 కుఫిక్_పిచ్చి
ఎలిఫెంటైన్ మెట్ల దారిలో గోడ మీద రోమన్ కాలపు గీతలతో పాటు 1870లో అప్పటి ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ ఇస్మాయిల్ హయాంలో బిగించిన పాలరాతి కొలబద్దలు కూడా ఉన్నాయి. పడవ మీద నది వైపు నుంచి చూస్తే మెట్ల దారి నోరు తెలుస్తుంది. రోదాలో సొరంగాలు మూసేశారు, బావి పొడిగా ఉంటుంది, మెట్లు దిగి స్తంభాన్ని దగ్గర్నుంచి చూడొచ్చు. మెట్లకి లోపలి వైపు కటకటాలు లేని చోట్లున్నాయి, గోడ పట్టుకుని దిగండి.